డోలి ఆగొద్దు: సకిని రామచంద్రయ్య గారి యాదిలో
(సంస్మరణ ప్రసంగ పాఠం)



ఈరోజు మనం యాది చేసుకుంటున్నది కోయ డోలి కళాకారుడు, పద్మశ్రీ సకిని రామచంద్రయ్య గారిని. ఆయనది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరం. 2024 జూన్ 23న ఆయన మనల్ని విడిచి వెళ్లారు. మన మూడు జిల్లాల మనిషి కాదు కదా, మనమెందుకు సభ పెట్టుకోవాలని ఎవరికైనా అనిపించవచ్చు. ఆయన ఊరు అక్కడ కావచ్చు, ఆయన పాడిన కథ మాత్రం మన నేలది. సమ్మక్క భర్త పగిడిద్దరాజు గుడి ఉన్నది మన మహబూబాబాద్ జిల్లా గంగారం మండలం పూనుగొండ్లలో. అక్కడి నుంచే పెనక వంశం వారు పగిడిద్దరాజును కాలినడకన అడవి దారిన మేడారం తీసుకొస్తారు. మేడారం కూడా 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా ఏర్పడేదాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, నాగులమ్మ, ఈ వేల్పుల కథలన్నీ రామచంద్రయ్య గారి నోట్లో ఉండేవి. బడి చదువు లేకున్నా ఒక కాగితం చూడకుండా, కోయ భాషలోనూ తెలుగులోనూ, మొదటి నుంచి చివరి దాకా చెప్పగలిగిన మనిషి ఆయన.

డోలి అంటే ఏమిటో పెద్దలకు చెప్పనక్కర లేదు. చిన్నవాళ్ల కోసం చెప్పుకుందాం. డోలి వాద్యం పేరు, దాన్ని వాయించే వాళ్ల పేరు కూడా అదే. దుంగను లోపల తొలిచి, రెండు వైపులా తోలు బిగిస్తే డోలి అవుతుంది. దానికి తోడు కంచుతాళం, అక్కుం అనే ఇత్తడి బూర. వానకాలంలో తోలు వదులైతే మంట దగ్గర కాపుతారు. ఏ గూడెంలో చెక్క ఎట్లాంటిది, తోలు ఎంత మందం, ఎంత బిగించారు అన్నదాన్ని బట్టి డోలికి డోలికి గొంతు మారుతుంది. అందుకే ఒక డోలి మోత ఇంకో డోలికి రాదు.

ఇక డోలి వారి పని కేవలం వాయించడం కాదు. పెళ్లిలో, చావు తర్వాత దినాల్లో, ఇలవేల్పు కొలుపుల్లో ఆ ఇంటి గట్టు ఏది, వేల్పు ఏది, పూర్వీకులు ఎక్కడి నుంచి నడిచొచ్చారు అన్నది పాడి వినిపిస్తారు. కోయల్లో గట్టును బట్టే పెళ్లి సంబంధాలు కుదురుతాయి. ఎవరు ఎవరికి అన్నదమ్ములో, ఎవరు బావామరదళ్లో తేల్చేది ఆ లెక్కే. గుడ్డ మీద బొమ్మలుగా ఉండే పడిగెను విప్పి, ఒక్కొక్క బొమ్మ చూపిస్తూ దాని కథ చెప్పేది కూడా వాళ్లే. పడిగె మన పుస్తకం అనుకుంటే, దాన్ని చదవడం తెలిసినవాడు డోలి. చదివేవాడు లేకపోతే పడిగె ఉత్త గుడ్డే.

ఇక్కడ ఒక మాట మనలో మనం ఒప్పుకోవాలి. మన వంశం కథ చెప్పే మనిషిని మనమే చిన్నచూపు చూసిన రోజులున్నాయి. దినాలకు పిలిచి వాయించుకుని, ఇచ్చింది తీసుకుని పొమ్మన్న రోజులున్నాయి. తండ్రికి దక్కని గౌరవం చూసిన కొడుకు డోలి ఎందుకు భుజానికెత్తుకుంటాడు? బొగ్గు గనుల్లోనో, పత్తి చేన్లలోనో, మిర్చి కల్లాల్లోనో కూలికి పోతాడు. అది అతని తప్పు కాదు.

తమ్ముళ్లూ, మీలో చాలామందికి గిటార్ అంటే ఇష్టం, సౌండ్ సిస్టమ్ అంటే ఇష్టం. కాబట్టి మీకు నచ్చే ఒక మనిషి సంగతి చెబుతాం. అమెరికాలోని కాలిఫోర్నియాలో అలెగ్జాండర్ డంబుల్ అనే ఆయన ఉండేవారు. 1944లో పుట్టారు. గిటార్ ఆంప్లిఫైయర్లు తయారు చేయడం ఆయన పని. గిటార్ తీగ కదిలితే వచ్చే విద్యుత్ సంకేతం చాలా చిన్నది. దాన్ని పెంచి స్పీకర్‌కు పంపేదే ఆంప్లిఫైయర్. పెంచేటప్పుడు శబ్దం రంగు కూడా మారుతుంది. వాల్వులను కాస్త గట్టిగా నెడితే వచ్చే ఆ గరుకు గొంతు కోసమే గిటారిస్టులు పడి చస్తారు. డంబుల్ తన ఆంప్లిఫైయర్లను ఫ్యాక్టరీలో చేయించలేదు. ఒక్కొక్కటీ తన చేతులతోనే చేశారు. కొనేవాళ్లు ఎట్లా వాయిస్తారో విని, వాళ్ల చేతికి తగినట్టు సరిచేసి ఇచ్చేవారు. జీవితమంతా కలిపి చేసినవి దాదాపు 300 ఉంటాయంటారు. ఎవరికి పడితే వాళ్లకు అమ్మేవారు కాదు, జనంలోకి పెద్దగా వచ్చేవారు కాదు, ఇంటర్వ్యూలు ఇచ్చింది బహు అరుదు. స్టీవీ రే వాన్ అనే గిటారిస్టు 1982లో తన మొదటి ఆల్బమ్‌ను రికార్డు చేసింది జాక్సన్ బ్రౌన్ స్టూడియోలో, అక్కడున్న డంబుల్ ఆంప్లిఫైయర్‌తోనే. ఇప్పుడు అవి లక్ష డాలర్లు దాటి అమ్ముడుపోతున్నాయి.

డంబుల్ తన సర్క్యూట్ ఎవరికీ తెలియకుండా దాని మీద జిగురు లాంటి రెసిన్ పోసి గట్టిపరిచేవారు. 2022 జనవరిలో ఆయన చనిపోయారు. అదే నెల 25న మన రామచంద్రయ్య గారికి పద్మశ్రీ ప్రకటించారు.

ఈ ఇద్దరినీ పక్కపక్కన ఎందుకు పెడుతున్నామంటే, ఇద్దరూ చేతితో, చెవితో శబ్దాన్ని పట్టుకున్నవాళ్లు. ఇద్దరూ సద్దు లేకుండా ఒక మూలన బతికినవాళ్లు. కానీ చూడండి, రహస్యం దాచుకున్న డంబుల్ పని ఆగలేదు. ఆసక్తి ఉన్నవాళ్లు ఆ గట్టి రెసిన్‌ను ఓపికగా ఊడదీసి, లోపల ఏమేం ఉన్నాయో గీసుకుని, అట్లాంటివే చేసి అమ్ముతున్నారు. మన డోలి మీద ఏ రెసినూ లేదు. రామచంద్రయ్య గారు తన విద్యను దాచుకోలేదు. అడిగిన ప్రతి వేదిక మీదా పాడారు. తాళం వేయని ఇల్లు అది. మరి లోపలికి పోయి కూర్చుని నేర్చుకున్నవాళ్లు మనలో ఎందరు?

ఆంప్లిఫైయర్ వస్తువు, విప్పి చూస్తే అర్థమవుతుంది. కథ మనిషిలో ఉంటుంది. మనిషి పోయాక విప్పి చూసేందుకు ఏమీ మిగలదు. ఆ 2024లోనే, అక్టోబర్ 25న, మార్లవాయి గుస్సాడీ కళాకారుడు, పద్మశ్రీ కనకరాజు గారు కూడా వెళ్లిపోయారు. జూన్‌లో డోలి, అక్టోబర్‌లో గుస్సాడీ. నాలుగు నెలల్లో ఇద్దరు పెద్దలు.

గుర్తింపు రాలేదని అనలేం. పద్మశ్రీ వచ్చింది. 2022లో అప్పటి ముఖ్యమంత్రి కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించారు. 2024 ఫిబ్రవరిలో పద్మశ్రీ పొందిన తెలంగాణ కళాకారులకు నెలకు 25,000 రూపాయల పింఛను ప్రకటించారు. ఇవన్నీ కళాకారుడి ముసలితనానికి ఆసరా. విద్యకు ఆసరా మాత్రం పక్కన కూర్చునే పిల్లవాడే. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మ కొట్టే విద్య కాకతీయుల కాలం నుంచి ఇప్పటిదాకా ఎట్లా వచ్చింది? తండ్రి సుత్తె కొడుతుంటే కొడుకు పక్కన కూర్చున్నాడు కాబట్టే వచ్చింది. మనకూ అదొక్కటే దారి.

ఇక డీజే సంగతి. మన పెళ్లిళ్లలో ఇప్పుడు డోలి లేదు, పెద్ద పెద్ద బాక్సులు ఉన్నాయి. డీజే వద్దని మేము అనడం లేదు. కుర్రాళ్లు ఆడుకోవాలి, ఆడుకోండి. అయితే డీజే పాట మన ఇంట్లో మోగినా, పట్నంలో మోగినా ఒకటే. అది మన గట్టు పేరు చెప్పదు, మన తాత పేరు చెప్పదు. డీజేకు వేలకు వేలు ఇచ్చే ఇంట్లో, డోలి వారిని పిలిచి ఒక పూట వాయించమనడానికి డబ్బులు లేవనడం న్యాయం కాదు. రెండూ పెట్టుకోండి. ముందు డోలి, తర్వాత డీజే.

మీ నుంచి మేము కోరేది పెద్ద పనులేం కాదు.

ఒకటి. మీ ఊరికి వచ్చే డోలి వారు ఎవరో, ఎక్కడుంటారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకోండి. పోయి పలకరించండి. మామా అనో, తాతా అనో వరసపెట్టి పిలవండి. ఆ పిలుపుతోనే సగం చిన్నచూపు పోతుంది.

రెండు. మీ చేతిలో ఫోన్ ఉంది. అనుమతి అడిగి రికార్డు చేయండి. ఫోన్‌ను డోలికి ఆనించి పెడితే మోతకు గొంతు మునిగిపోతుంది. పాడే మనిషి వైపు, నాలుగైదు అడుగుల దూరంలో పెట్టండి. మధ్యలో కాల్స్ రాకుండా చూసుకోండి. మొదట్లోనే ఊరు, తేదీ, పాడేవారి పేరు, గట్టు పేరు నోటితో చెప్పించండి. రెండు నిమిషాల రీల్ కోసం కథను కోయకండి. రాత్రంతా చెబితే రాత్రంతా వినండి. రెండు చోట్ల దాచండి.

మూడు. బయట పెట్టకూడని పాటలు ఉంటాయి. కొలుపులో మాత్రమే పాడేవి ఉంటాయి. ఏది అందరికీ, ఏది ఇంటికి మాత్రమే అన్నది పాడినవాళ్లే చెప్పాలి. వాళ్ల మాట దాటొద్దు. ఆ రికార్డు మీది కాదు, వాళ్లది.

నాలుగు. కోయ మాటలు అర్థం కాకపోతే తెలుగు అక్షరాల్లో రాసుకుని అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి. 2011 జనాభా లెక్కల ప్రకారం కోయ భాష మాతృభాష అని చెప్పినవాళ్లు 4 లక్షల పైచిలుకు. అంతమంది మాట్లాడే భాష మన ఇంట్లోనే మూగబోతే తప్పు ఎవరిది?

ఐదు. పాత వాద్యం ఇంట్లో ఉంటే అటక మీద చెదలకు వదలకండి, ఇనుప సామాన్లోళ్లకు అమ్మకండి. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు, గూడూరు మనోజ గారు ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి మూలవాసుల వాద్యాలను సేకరించి మూలధ్వని పేరుతో లోకానికి చూపించారు. వాళ్లు అంత దూరం తిరిగి వెతికింది మన అటకల మీది వస్తువులనే. దాన్ని తుడిచి, తోలు వేయించి, వాయించగలిగిన వాళ్ల చేతికి ఇవ్వండి.

ఇప్పుడు ములుగులో సమ్మక్క సారక్క పేరు మీద కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. రేపు మీలో ఎవరో అక్కడ డోలి మీద పరిశోధన చేస్తారు. సంతోషం. కానీ ఆ రోజు వెళ్లి అడగడానికి ఒక్క డోలి తాతైనా బతికి ఉండాలి కదా. పరిశోధనకు ముందు ఆ మనిషి పూట గడవాలి.

రెండేళ్లకోసారి మాఘ మాసంలో చిలకలగుట్ట నుంచి సమ్మక్క దిగి వస్తుంటే లక్షల మంది ఎదురుచూస్తారు. ఆ తల్లి ఎవరు, ఏ గట్టు బిడ్డ, ఎవరితో ఎందుకు కొట్లాడింది అని అడిగితే జవాబు చెప్పే నోళ్లు మాత్రం ఏడాదికేడాది తగ్గుతున్నాయి. రామచంద్రయ్య గారు ఆ జవాబును బతికినంత కాలం మోశారు. ఆయన భుజం మీది బరువు ఇప్పుడు నేల మీద ఉంది. ఒక్కరు మోయలేకపోవచ్చు. ఊరికి ఒక్కరు ముందుకొచ్చి పాటకొకరుగా, గట్టుకొకరుగా పంచుకుంటే మోయగలం. ఈ మూడు జిల్లాల నుంచి ఎవరు ముందుకొచ్చినా వాళ్లను గురువు దగ్గరికి తీసుకుపోవడానికి మేము సిద్ధంగా ఉన్నాం.

పద్మశ్రీ సకిని రామచంద్రయ్య గారికి జోహార్! జోహార్!
డోలి మోగాలి! జై ఆదివాసీ!