పెళ్లికి ముందు ఫిల్లర్స్: ఏది మంచిది, నొప్పి సంగతేంటి?

పెళ్లి ముహూర్తాలు దగ్గరపడితే చాలు, రాజమండ్రిలో నాకు వచ్చే మొదటి ప్రశ్న ఇదే: "మేడమ్, లిప్ ఫిల్లర్ నొప్పెడుతుందా? నొప్పి లేని రకం ఏదైనా ఉందా?" మొన్న అమలాపురం నుంచి ఒకమ్మాయి అడిగారు. పెళ్లి పది రోజుల్లో ఉందట! పది రోజుల్లో అయితే నేను చెయ్యను. వాపు రెండు మూడు రోజుల్లో తగ్గొచ్చు గానీ, కమిలిన మచ్చ వారం పైనే ఉండొచ్చు. ఫిల్లర్ కుదురుకోడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. కనీసం నెల ముందు రండి.

ఇక రకాలు. జువెడెర్మ్, రెస్టిలేన్ లాంటివి హైలురోనిక్ యాసిడ్ జెల్స్. మన చర్మంలో సహజంగా ఉండే పదార్థమే. రేడియెస్‌లో కాల్షియం ఉంటుంది, స్కల్ప్‌ట్రా అయితే మెల్లమెల్లగా కొల్లాజెన్ పెంచుతుంది. ఈ రెండూ ఎక్కువకాలం నిలుస్తాయి కదా అని ఆశపడకండి. పెదాలకి అవి పనికిరావు. హైలురోనిక్ జెల్ నచ్చకపోతే హైలురోనిడేజ్ అనే ఇంజెక్షన్‌తో కరిగించొచ్చు, మిగతావాటికి అలాంటి విరుగుడు లేదు. అందుకే మొదటిసారి అయితే నా ఓటు కరిగేదానికే. ఒక సిరంజి అంటే 1 ఎం.ఎల్., టీస్పూన్‌లో ఐదో వంతు. రీల్స్‌లో చూసినంత మార్పు దానితో రాదు, రాకపోవడమే మంచిది.

నొప్పి దగ్గరికొద్దాం. అన్నిటికంటే పెదాలకే ఎక్కువ. ఇప్పుడు చాలా ఫిల్లర్స్‌లో లిడోకెయిన్ అనే మత్తుమందు కలిపే వస్తోంది, కాబట్టి మొదటి పోటు తర్వాత కొంచెం తేలిక. ముందు అరగంట నుంచి గంట దాకా మత్తు క్రీమ్ రాసి ఉంచుతాం, ఐస్ పెడతాం. అస్సలు తట్టుకోలేనివాళ్లకి పన్ను పీకేటప్పుడు ఇచ్చే ఇంజెక్షన్ లాంటిది ఇవ్వొచ్చు. ఒక మాట మాత్రం వినండి: రావులపాలెంలో బస్సెక్కే ముందే ముఖమంతా క్రీమ్ పట్టించుకుని రాకండి. ఎక్కువైతే ఆ మందు రక్తంలోకి వెళ్లి ప్రమాదం. పళ్ల డాక్టర్ దగ్గర మత్తు ఇంజెక్షన్ పడకపోయి ఉంటే ముందే చెప్పండి. రక్తం పలచబడే మందులు మీ అంతట మీరు ఆపకండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఇప్పుడు వద్దు.

అసలు భయపడాల్సింది సూది పోటుకి కాదండి. ఫిల్లర్ రక్తనాళంలోకి వెళ్తే చర్మం తెల్లగా పాలిపోతుంది, తర్వాత నీలంగా వల అల్లినట్టు మారుతుంది. నొప్పి విపరీతంగా ఉంటుంది. కానీ మత్తు ఉన్నప్పుడు ఆ నొప్పి తెలియకపోవచ్చు, అందుకే అద్దంలో రంగు చూసుకోండి. చూపు మసకబారితే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు, ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.

మన ఊళ్లలో ఇంకో చిక్కుంది. ఆదివారం సిటీ నుంచి వచ్చి, చేసి, సాయంత్రానికి వెళ్లిపోయే విజిటింగ్ డాక్టర్లు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. సోమవారం రాత్రి పెదవి తెల్లబడితే ఎవరికి ఫోన్ చెయ్యాలి? కరిగించే మందు ఇక్కడే స్టాక్ ఉందా? ఈ రెండూ డబ్బు కట్టే ముందే అడగండి. సీల్ ఉన్న బాక్స్ మీ ఎదురుగా తెరిపించుకుని, బ్యాచ్ స్టిక్కర్ ఫొటో తీసుకోండి. పార్లర్‌లో సూది లేని పెన్‌తో చేస్తామంటే మాత్రం లేచి వచ్చేయండి. అమెరికా ఎఫ్.డి.ఎ. 2021లోనే వాటిపై హెచ్చరించింది.

కళ్లకింద గుంటల గురించి చాలామంది అడిగారు. అది వచ్చే ఎపిసోడ్‌లో చెప్తానండీ.