రోగం పేరు తేలితే సగం వైద్యం అయినట్లే

 

కడుపునొప్పి, జ్వరం, విరేచనాలు, చిక్కిపోవడం. ఇవి పేగు క్షయలోనూ ఉంటాయి, అరుదైన క్రోన్స్ వ్యాధిలోనూ ఉంటాయి. క్రోన్స్‌కు వాడే స్టెరాయిడ్లు క్షయను ముదరబెడతాయి. అందుకే ముందుగా కొలనోస్కోపీ చేసి, పేగు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించాలి.

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. రోగిని మొదట అక్కడికే పంపుదాం. అక్కడ తేలకపోతే హైదరాబాద్ ఉస్మానియాకో, నిమ్స్‌కో పోవాలి. క్షయ మందులు సర్కారు ఉచితంగా ఇస్తుంది. బస్సు ఛార్జీ, తోడు వచ్చినవారి కూలి నష్టం మాత్రం ఇంటివాళ్లే భరించాలి. చాలామంది పేదలు ఆగిపోయేది అక్కడే. మీ జకాత్, సదఖాలో కొంత ఈ ప్రయాణానికి ఇవ్వండి. పాత చీటీలన్నీ ఒక ఫైలులో వరుసగా పెట్టించే పని ఉపాధ్యాయులుగా మేము చూసుకుంటాం.