అడుగులు లెక్కపెట్టే మోటారు, కొలిచి చూసే సంఘం
(కారేపల్లి ప్రాంత పాల ఉత్పత్తిదారులతో చేసిన ప్రసంగ పాఠం)



వెన్న శాతాన్ని బట్టి ధర కట్టే చోట, పరీక్షకు తీసే నమూనా కొలత చిన్న విషయం కాదు. గెర్బర్ పరీక్షకు 10.75 మిల్లీలీటర్ల పాలు పడాలి. పరీక్ష గొట్టం మీది గీతలు ఆ కొలతకే గీసినవి. 10 మిల్లీలీటర్లే పడితే, 6 శాతం వెన్న ఉన్న గేదె పాలు సుమారు 5.6 శాతంగా కనబడతాయి. గేదె మేత తగ్గలేదు, పాలలో నీళ్లు కలవలేదు. అయినా సభ్యునికి ధర తగ్గిపోతుంది.

ఈ నమూనాను చిన్న పంపుతో తీయవచ్చునా అని చదువుకున్న యువకులు అడుగుతూ ఉంటారు. తీయవచ్చు. అందుకు స్టెప్పర్ మోటారు, ఆర్డ్వినో వంటి చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు, ఆ రెండింటి మధ్య ఒక డ్రైవరు కావాలి.

మామూలు మోటారు కరెంటు ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. స్టెప్పర్ మోటారు లోపలి తీగచుట్టలకు వరుస తప్పకుండా కరెంటు అందిస్తే, ఒక్కొక్క మార్పుకు ఒక్కొక్క అడుగు కదులుతుంది. ఎక్కువగా దొరికే రకం 200 అడుగులకు ఒక చుట్టు తిరుగుతుంది. ఆ వరుసను నడిపించేది బోర్డు.

అయితే బోర్డుకు బలం తక్కువ. కారేపల్లి స్టేషనులో పచ్చజెండా ఊపేది ఒకరు, బండిని లాగేది ఇంజను. ఇక్కడ జెండా బోర్డుది, లాగే పని డ్రైవరుది. ఆర్డ్వినో యూనో ఒక్కొక్క పిన్ను నుండి 20 మిల్లీఆంపియర్లకు మించి తీయడం మంచిది కాదు. 5 వోల్టుల చిన్న మోటారులో ఒక్క చుట్టకే సుమారు 100 కావాలి. నేర్చుకొనడానికి ఆ మోటారు, యూఎల్ఎన్ 2003 డ్రైవరు చాలును. పంపును తిప్పే పెద్ద మోటారుకు తగిన డ్రైవరు, విడిగా కరెంటు ఏర్పాటు ఉండాలి. రెండింటి గ్రౌండు తీగలను కలపడం మరువరాదు.

ఇక లెక్క. పంపును 1,000 అడుగులు నడిపి పాలను కొలజాడీలో పట్టండి. 20 మిల్లీలీటర్లు వచ్చాయనుకుందాం. అంటే మిల్లీలీటరుకు 50 అడుగులు. 10.75కు సుమారు 538 అడుగులు.

ఇక్కడే జాగ్రత్త పడాలి. ఈ మోటారు గంతలు కట్టిన గానుగెద్దు వంటిది. బోర్డు లెక్కపెట్టేది తాను ఇచ్చిన ఆజ్ఞలనే కాని, మోటారు వేసిన అడుగులను కాదు. మొదటనే వేగంగా తిప్పినా, గొట్టంలో మీగడ పేరుకున్నా, కరెంటు చాలకపోయినా మోటారు గుయ్యిమంటూ అడుగు తప్పుతుంది. బోర్డు మాత్రం 538 అనే చెబుతుంది. అడుగు తప్పకపోయినా, వాడగా వాడగా గొట్టం సాగి కొలత మారుతుంది.

కనుక మా సలహా ఇది. మోటారును మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచండి. పూటపూటా గొట్టాన్ని కడగండి. మధ్యలో కరెంటు పోతే సగం తీసిన నమూనాను పారబోసి, తిరిగి మొదటి నుండి తీయండి. పాలు పట్టే ముందు ప్రతి పూటా ఒక నమూనాను సభ్యుల ఎదుటనే కొలిచి, రిజిస్టరులో వ్రాయండి. కొలత కుదరని నాడు పంపును పక్కన పెట్టి పిపెట్టునే వాడండి.

యంత్రం వచ్చిందని కొలిచి చూడడం మానరాదు. ఎదుట కొలిచి చూపిన సంఘాన్నే సభ్యుడు నమ్ముతాడు.