మందారానికి పొలుసు పురుగు

అక్కలారా! మన కనిగిరి వైపు నీళ్లకు కరువు. బిందెలతో మోసి పెంచిన మందారం వాడిపోతే ప్రాణం ఉసూరుమంటుంది.

కొమ్మ మీద గోధుమరంగు పొక్కులున్నాయా? గోటితో గీకండి. ఊడి వస్తే అవి పొలుసు పురుగులు. కదలకుండా చెట్టు రసం పీలుస్తాయి. తీపి జిగురు కారుస్తాయి. దానికోసం చీమలు చేరతాయి. ఆకుకు నల్లని మసి పడుతుంది.

చేను మందు మాత్రం కొట్టొద్దు. పెరట్లో పిల్లలుంటారు, కరివేపాకు ఉంటుంది. పైగా పొలుసును తినే అక్షింతల పురుగులూ చస్తాయి. 1888లో ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన అక్షింతల పురుగులే అమెరికాలోని కాలిఫోర్నియా నారింజ తోటల్ని పొలుసు నుంచి కాపాడాయి.

బాగా పట్టిన కొమ్మలు కోసి కాల్చండి. మిగతావి పాత బ్రష్షుతో రుద్దండి. లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లండి. పది రోజులకు మళ్లీ చల్లండి.

ఇంటికెళ్లగానే ఒక్క ఆకు తిప్పి చూడండి.