ఆట వెనుక పద్దు

(చింతామణిలో జరిగిన మన సంఘ సభ్య కుటుంబముల సమావేశమున చేయబడిన ప్రసంగపాఠము)



క్రీడారంగమున వ్యాపారము, ద్రవ్యము - వానికి సంబంధించిన ఉద్యోగములు అను విషయమును గూర్చి నన్ను మాటలాడుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. నేను ఆటగాడను కాను. చదువుకొను దినములలో చెడుగుడు జట్టులో చేర్చుకొనుమని అడుగగా, మా ఊరి యువకులు నన్ను ఎగాదిగా చూచి, "నీవు లెక్కలు వ్రాయుము" అని ఒక పద్దు పుస్తకమును నా చేతికిచ్చిరి. నేడు ఈ వేదికపై నిలుచుటకు నాకున్న అర్హత ఆ పుస్తకమొక్కటియే.

ఆ కథతోనే ప్రారంభించెదను. బాగేపల్లి తాలూకాలోని మా ఊరిలో సంక్రాంతికి చెడుగుడు పందెములు పెట్టితిమి. మొదటి బహుమతి అయిదువేల రూపాయలని కరపత్రములు వేసితిమి. షామియానా, దీపములు, మైకు, వచ్చిన జట్లకు రెండు పూటల భోజనము - ఒక్కొక్క ఖర్చును నేను తప్పక వ్రాసితిని. చివరి రాత్రి పెట్టె తెరచి చూడగా బహుమతికి సొమ్ము లేదు. సరిహద్దు కావలినుండి వచ్చిన జట్టు గెలిచెను. వారికి కప్పు ఇచ్చి, రొక్కమును తరువాత పంపెదమని చెప్పితిమి. పంపలేదు. మరుసటి యేడు ఆ జట్టు రాలేదు. ఆ పై యేడు ఏ జట్టును రాలేదు. మా ఊరిలో చెడుగుడు చచ్చిపోయినదని అందరు అనిరి. అయ్యా, చచ్చినది ఆట కాదు, నా పద్దు. ఖర్చైన పిమ్మట వ్రాయుట నాకు తెలియును. ఖర్చునకు ముందు అంచనా వేయుట తెలియదు. క్రీడారంగమున ద్రవ్యోద్యోగములన్నియు ఈ రెంటి నడుమ భేదమునందే ఉన్నవని నేను చాల ఆలస్యముగా గ్రహించితిని.

మన ఊరి పెట్టె ఖాళీ అగుట వింత కాదు. 1983లో మన దేశము క్రికెటు ప్రపంచకప్పును గెలిచినప్పుడు, ఆటగాండ్రకు తగిన పారితోషికము ఇచ్చుటకు క్రికెటు బోర్డు వద్దనే ధనము లేదు. లతా మంగేష్కర్ గారు ఢిల్లీలో కచేరి చేయగా వచ్చిన సొమ్ములోనుండి ఒక్కొక్కరికి లక్ష రూపాయలు ఇచ్చిరి. అట్టి బోర్డు 2022లో ఒక్క ఐ.పి.ఎల్. పోటీల ప్రసార హక్కులనే అయిదు సంవత్సరములకు 48,390 కోట్ల రూపాయలకు విక్రయించెను. నడుమ ఏమి జరిగెను? బంతి మారలేదు, బ్యాటు మారలేదు. ఆటను దూరదర్శనములో చూపు హక్కు అమ్మదగిన సరకు అని తెలిసినది. 1993లో బోర్డు ఆ హక్కును మొదటిసారి ప్రభుత్వేతర సంస్థకు అమ్మెను. వాయుతరంగములు ప్రజల సొత్తనియు, వానిపై ప్రభుత్వమునకు గుత్తాధిపత్యము లేదనియు 1995లో సుప్రీము కోర్టు తీర్పు చెప్పెను. ఒక వ్యాజ్యము, ఒక తీర్పు, కొన్ని ఒప్పంద పత్రములు - ఇవి ఏ సెంచరీకిని తీసిపోక ఆట రూపును మార్చినవి.

ఐ.పి.ఎల్. వేలమున ఆటగాండ్రను కొనుట చూచి మన పెద్దలు కొందరు ముక్కున వేలు వేసికొందురు. శిడ్లఘట్టలో పట్టుగూళ్ళ వేలమును చూచినవారికి అందులో వింత యేమి? గూడు చేతబట్టి, దారమెంత వచ్చునో ఊహించి, తన మూటలోని సొమ్మును మించకుండ పాట పాడువాడే నేర్పరి. 2024 నవంబరులో జరిగిన వేలమునకు ఒక్కొక్క జట్టునకు పరిమితి 120 కోట్లు. అందులో రిషభ్ పంత్‌కు లక్నో జట్టు 27 కోట్లు పెట్టెను. మిగిలిన సొమ్ముతో మిగిలినవారిని ఎట్లు కూర్చవలెనో లెక్క కట్టిన మనుష్యుడు ఒకడు ఆ బల్ల వెనుక ఉండును. అతడు బ్యాటు పట్టి యుండనక్కరలేదు. మన చెడుగుడుకును ఇదే గతి పట్టినది. ప్రో కబడ్డీ పోటీలు 2014లో ఆరంభమైనవి. 2023 వేలమున తెలుగు టైటాన్స్ జట్టు పవన్ సెహ్రావత్‌కు రెండు కోట్ల అరువది లక్షలకు పైగా ఇచ్చెను. ఆ సంఖ్య విన్న దినమున నాకు మా ఊరి అయిదువేల రూపాయలు జ్ఞాపకము వచ్చినవి.

లెక్క తప్పినచో కప్పు గెలిచిన జట్టు సైతము నిలువదు. హైదరాబాదు జట్టు దక్కన్ ఛార్జర్స్ కథను వినుడు. 2008లో దానిని 10 కోట్ల 70 లక్షల డాలర్లకు కొనిరి. 2009లో అది జొహానెస్‌బర్గులో మన బెంగుళూరు జట్టునే ఆరు పరుగుల తేడాతో ఓడించి విజేత అయ్యెను. మూడేండ్లు తిరుగక ముందే యాజమాన్యము అప్పులలో కూరుకొనిపోయెను. ఆటగాండ్రకు జీతములు నిలిచెను. న్యాయస్థానము కోరిన నూరు కోట్ల బ్యాంకు హామీని చూపలేక 2012లో ఆ జట్టు రద్దయ్యెను. హైదరాబాదు పేర వేరొక సంస్థ క్రొత్త జట్టును నెలకొల్పెను. నాడు ఓడిన బెంగుళూరు జట్టో, యాజమాన్యము చేతులు మారినను నిలిచి, 2025 జూన్ 3న కప్పు గెలిచెను. మైదానమున గెలిచినది పద్దులో ఓడెను. మైదానమున ఓడినది పద్దులో నిలిచెను.

ఆ గెలుపు మరునాడు బెంగుళూరులో జరిగినది మనమెవ్వరమును మరువలేము. చిన్నస్వామి మైదానము వాకిళ్ళయొద్ద జనసమ్మర్దమున పదునొకండ్రు ప్రాణములు కోల్పోయిరి. ఎందరు వత్తురు, ఏ ద్వారమున ఎందరు పట్టుదురు అని ముందుగా లెక్కించుటయు క్రీడా వ్యాపారములో భాగమే. ఆ లెక్కకు ఆదాయము లేదు గనుక దానిని కడపట ఉంచుట కలదు. ఈ రంగమున ప్రవేశింపగోరు బిడ్డలు దానిని మొదటి పుటలో వ్రాసికొనవలెను.

ఇక ఉద్యోగముల మాట. ఆదాయవ్యయములు, పన్నులు చూచువారు మొదటివారు. 2025 సెప్టెంబరు 22 మొదలు ఐ.పి.ఎల్. టికెట్టుపై జి.ఎస్.టి. నూటికి 28 నుండి 40కి పెరిగెను. వేయి రూపాయల టికెట్టునకు పన్నుతో కూడ 1,280కి బదులు 1,400 చెల్లింపవలసి వచ్చెను. ఇట్టి మార్పు వచ్చినప్పుడు ధరను తగ్గింపవలెనా, భారమును ప్రేక్షకునిపై వేయవలెనా అని చెప్పువాడు కావలెను. ఒప్పందములు వ్రాయు న్యాయవాదులు రెండవవారు. ప్రకటనదారులను తెచ్చువారు మూడవవారు. వీరి పని ఎంత చంచలమో చూడుడు: 2025 ఆగస్టులో డబ్బు పణముగా పెట్టు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు చట్టము రాగా, భారత జట్టు చొక్కాపై ఉన్న డ్రీమ్ ఎలెవెన్ పేరు తొలగెను, మరుసటి నెలలోనే అపోలో టైర్స్ సంస్థతో 579 కోట్లకు ఒప్పందము కుదిరెను. ఇంక టికెట్ల విక్రయము, ప్రసారము, గణాంకముల విశ్లేషణ, పోటీల నిర్వహణ, క్రీడాసామగ్రి వర్తకము గలవు. అన్నిటికంటె నాకు గౌరవముగా తోచునది ఆటగాని ద్రవ్యమును కాపాడు పని. ఆటగాడు పదేండ్లు సంపాదించి నలుబదేండ్లు తినవలెను. ఇరువదియేండ్ల పల్లెటూరి కుర్రవానికి ఒక్కసారిగా లక్షలు చేతికి వచ్చినప్పుడు, అందులో ఎంత పన్నుకు, ఎంత నిలువకు అని చెప్పు నమ్మకస్థుడు లేక చెడినవారు కలరు.

"ఆడనివానికి ఆటలో గౌరవమేమి?" అని అడుగవచ్చును. బెంగుళూరు మైదానమునకు ఎవరి పేరున్నది? మండ్య న్యాయవాది మంగళం చిన్నస్వామి గారిది. ఆయన కీర్తి పరుగులవలన వచ్చినది కాదు. రాష్ట్ర క్రికెటు సంఘమునకు దశాబ్దములు సేవచేసి, స్థలము సంపాదించి, మైదానమును నిర్మింపజేసి, 1977 నుండి 1980 వరకు అఖిల భారత బోర్డునకు అధ్యక్షుడైరి. తెలుగునాట పుల్లెల గోపీచంద్ గారు ఆటగాడై యుండియు ఇట్టి పనికి పూనుకొనిరి. ప్రభుత్వము గచ్చిబౌలిలో అయిదెకరములు ఇచ్చినను కట్టడమునకు ధనము చాలక, తమ ఇంటిని తాకట్టు పెట్టిరి. నిమ్మగడ్డ ప్రసాద్ గారు అయిదు కోట్లు విరాళమిచ్చిరి. 2008లో ఆ శిక్షణాలయము తెరువబడెను. సైనా, సింధుల పతకములను మనము చూచితిమి. ఆ తాకట్టు పత్రమును ఎవరు చూచిరి?

ఇవన్నియు దూరపు కొండలని తలపవలదు. విశ్వేశ్వరయ్యగారు పుట్టిన మన ముద్దేనహళ్ళిలోనే 2024 జనవరి 18న సచిన్ టెండూల్కర్, యువరాజ్ సింగ్‌ల నాయకత్వమున రెండు జట్లు ఆడినవి. ఆ దినమున దారిపొడుగున నిలిచిన మన పిల్లలు సచిన్‌ను చూచిరి. మైదానమును సిద్ధపరచినవారిని, నీరు, వాహనములు, బస, ప్రసారము, వైద్యము ఏర్పరచినవారిని చూడలేదు. అదే 2024 సెప్టెంబరులో క్రికెటు బోర్డువారి శిక్షణ కేంద్రము మనము బెంగుళూరునకు పోవు త్రోవలో, విమానాశ్రయమునకు చేరువనే, నలువది ఎకరములలో మూడు మైదానములతో తెరువబడెను. యెలహంకకు ఆవల పడుకోణె - ద్రావిడ్ క్రీడాకేంద్రము ఉన్నది. ఉద్యోగము మన వాకిటికి వచ్చినది; వాకిలి తెరచువారు కావలెను.

దీనికి ఏమి చదువవలెను? మొదట బి.కాం. గాని, చార్టర్డు అకౌంటెంటు పరీక్షలు గాని, న్యాయశాస్త్రము గాని గట్టిగా చదువుడు. పిమ్మట కావలెనన్న రోహ్‌తక్‌లోని ఐ.ఐ.ఎం., పుణెలోని సింబయాసిస్ వంటి సంస్థలలో క్రీడా నిర్వహణ ప్రత్యేకవిద్యగా కలదు. పెద్ద రుసుము కట్టకముందే ఒక పోటీలో, ఒక అకాడమీలో ఆరు నెలలు పనిచేసి చూడుడు. ప్రారంభమున జీతము స్వల్పము. పలు కొలువులు పోటీల కాలమునకు మాత్రమే. గట్టి చదువున్నవానికి ఈ రంగము కలిసిరాకున్నను వేరొక చోట అన్నము దొరకును.

మనకు మరియొక మూలధనము ఉన్నది. ఇంట తెలుగు, బడిలో, అంగడిలో కన్నడము, కళాశాలలో ఆంగ్లము - ఇది మనకు తరతరములుగా భారమని కొందరు విచారింతురు. ఐ.పి.ఎల్. ఆటలకు నేడు తెలుగునందును కన్నడమునందును వ్యాఖ్యానము ప్రసారమగుచున్నది. తెలుగు టైటాన్స్‌తోను బెంగుళూరు బుల్స్‌తోను ఒకే నోట మాటలాడగలవాడు, హిందూపురము వర్తకునికిని బెంగుళూరు కంపెనీకిని నడుమ ఒప్పందము కుదుర్పగలవాడు మన చింతామణి బిడ్డయే. కాని ఆ తెలుగు వంటింటి తెలుగుగానే మిగిలిపోరాదు; చదువను, వ్రాయను రావలెను. మాటలాడువానికి పని దొరకవచ్చును, కాని ఒప్పందమునకు కావలసినది వ్రాత.

మన పల్లెల ఆటలకును ఒక దారి ఉన్నది. 2013 కంపెనీల చట్టము ప్రకారము, ఏటా అయిదు కోట్లు, అంతకు మించిన నికరలాభము గల కంపెనీలు గత మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు సమాజహిత కార్యములకు వినియోగింపవలెను. గ్రామీణ క్రీడల శిక్షణ ఆ కార్యముల పట్టికలో స్పష్టముగా చేర్చబడినది. కంపెనీవారు మనలను ముఖ్యముగా అడుగునవి రెండు: నమోదైన సంఘమా? తనిఖీ చేయించిన లెక్కలున్నవా? మన తాలూకాలలో ఆటగాండ్రకు కొదవలేదు. ఆ రెండవ ప్రశ్నకు జవాబు చెప్పగల యువకులు ఊరికొక్కరు కావలెను.

కడపట ఒక విన్నపము. వచ్చు సంక్రాంతికి మా ఊరిలో చెడుగుడును తిరిగి ప్రారంభింప నిశ్చయించితిమి. ఈసారి పందెములకు ముందే అంచనా వ్రాసి దేవాలయము గోడకు అంటించెదము. బహుమతి సొమ్మును మొదటి ఆటకు ముందే బ్యాంకులో వేసెదము. పద్దు పుస్తకమును బి.కాం. చదువుచున్న మా ఊరి అమ్మాయి చేతికి ఇచ్చుచున్నాము. నేను ఆమె ప్రక్కన కూర్చుండి చూచెదను. అన్నిటికంటె ముందు, ఆ పాత జట్టు నాయకుని వెదకికొని పోయి, బాకీపడిన అయిదువేలను వడ్డీతో నేనే చెల్లింపవలెనని ఉన్నది. ఆ పద్దు మూయనిదే క్రొత్త పుస్తకము తెరచుటకు నాకు చేయి రాదు.