‘నేను’ అను చిరునామా



మా సరూర్‌నగరు చెరువునకు అనతిదూరముననే దిల్‌సుఖ్‌నగరు కలదు. అచటి శిక్షణకేంద్రములను నమ్ముకొని జిల్లాలనుండి వచ్చి హాస్టళ్లలో నుండు విద్యార్థులు పెక్కుమంది. నా దౌహిత్రుడును మా యింట నుండి అచటనే కంప్యూటరు విద్య నభ్యసించుచున్నాడు. వాడు తాను నిర్మించిన వెబ్ పుటను ఒక ఉద్యోగమునకై చూపవలసివచ్చి, దాని చిరునామాను పరీక్షకునకు పంపెను. ‘ఇచట నేమియు లేదు’ అని బదులు వచ్చెను. వాడు నా యొద్దకు వచ్చి, “నాకు కనబడుతూనే ఉంది తాతయ్యా!” అని వాపోయెను.

వాడు పంపిన పేరు ‘లోకల్‌హోస్ట్’. దాని మర్మమును నేను గ్రహించినంతవరకు మనవి చేసెదను.

నెట్‌వర్కులో యంత్రములు ఒండొంటిని అంకెల చిరునామాలచే గుర్తించును. అందు 127.0.0.0 మొదలు 127.255.255.255 వరకు గల 1,67,77,216 చిరునామాలు ఒక్క పనికే ప్రత్యేకింపబడినవి. యంత్రము తనతో తాను మాటలాడుకొనుటయే ఆ పని. దీనిని ‘లూప్‌బ్యాక్’ అందురు. 1986 నాటి సంఖ్యల పట్టికలోనే 127 ఇందులకు కేటాయింపబడినది. అట్టి చిరునామా గల సందేశము యంత్రమును దాటి వెలుపలికి పోరాదని 1989లో నియమము చేసిరి. కావుననే ఇంటర్నెట్టు లేనివేళను ఇది పనిచేయును. సాధారణముగా 127.0.0.1 అను చిరునామాకే లోకల్‌హోస్ట్ అని పేరు.

వ్యాకరణమున అస్మచ్ఛబ్దము వంటిదే యిది. ‘నేను’ అని నే ననిన నన్నును, మీ రనిన మిమ్మును తెలుపును. పరీక్షకుడు ఆ పేరు వ్రాయగా ఆయన యంత్రము తనలోనే వెదకికొని, లేదనెను. అది అసత్య మాడలేదు.

ఇక పేరు అంకెలుగా మారు విధము. తొలుత అమెరికాలోని స్టాన్‌ఫర్డు పరిశోధనసంస్థవారు యంత్రముల పేర్లన్నిటిని ఒకే పట్టికలో నుంచగా, తక్కినవారు దానిని నకలు చేసికొనుచుండిరి. యంత్రములు పెరుగగా ఆ పద్ధతి సాగలేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ అను నాయన, పేర్లను పెక్కు సర్వర్లకు పంచియిచ్చు ‘డి.ఎన్.ఎస్.’ విధానమును రూపొందించెను. ఐనను ప్రతి యంత్రమునను ‘హోస్ట్స్’ అను చిన్న పట్టిక నేటికిని నిలిచియున్నది. సాధారణముగా యంత్రము మొదట దానిని చూచి, అందు లేనిచో వెలుపలివారి నడుగును.

ఇది యింటి ముద్దుపేరు వంటిది. మా యింట ‘చిన్నా’ అనిన మా వాడు పలుకును. వీధిలో ఆ పేర పిలిచిన మఱియొకడు పలుకును, లేదా ఎవడును పలుకడు. ముద్దుపేర్లు మనమే పెట్టుకొందుము గనుక సౌకర్యము కలదు; అపాయమును కలదు. దుష్టప్రోగ్రామొకటి ఆ పట్టికలో బ్యాంకు పేరున కెదురుగా మోసగాని అంకెలు వ్రాసినచో, మనము సరియైన పేరే వ్రాసినను తప్పు వాకిటికి చేరుదుము. అందువలననే ఆ పట్టికను మార్చు నధికారము యంత్రాధికారికే యుంచిరి.

మా వాడు పుటను ఎల్లరకు అందు సర్వరులో నుంచి క్రొత్త చిరునామా పంపునప్పటికి ఆ ఉద్యోగము మఱియొకరికి పోయినది. వాని పనిలో దోషము లేదు. పరునకు ‘నేను’ అని చిరునామా యిచ్చుటయే దోషము. కావున మీ పిల్లలు తమ పని నెవరికైన పంపబోవునపుడు, ఆ చిరునామాను ముందుగా మఱియొకరి ఫోనులో నొకసారి తెఱచి చూడుడని చెప్పుడు. సెలవు.