చెడగొట్టి చూసే పని

(విరుదునగర్‌లో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో, గతంలో ట్రస్టు సహాయంతో చదువుకున్న ఒక ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)



నాది కోవిల్‌పట్టి పక్క పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కంప్యూటర్‌లో ఇంగ్లీషు. అందుకని నా మాటల్లో మూడూ కలిసిపోతే పెద్దలు మన్నించాలి. నేను చేసే పని గురించి పిల్లలకు అర్థమయ్యేట్టు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. పిల్లలకంటే ముందు మా అవ్వకు చెప్పడానికే నేను చాలా కష్టపడ్డాను. "చెన్నైలో ఏం పని చేస్తావురా?" అని అడిగింది. "నడుస్తున్న కంప్యూటర్ ప్రోగ్రాములను కావాలని ఆపి చూస్తాను అవ్వా" అన్నాను. "దానికి జీతం కూడా ఇస్తారా? పంపుసెట్టు విప్పి పారేసినందుకే మీ తాత నిన్ను వేపబెత్తంతో కొట్టాడే!" అంది.

జీతం ఎందుకు ఇస్తారో చెప్పాలంటే 2006 మే నెలకు వెళ్లాలి. నా పన్నెండో తరగతి ఫలితాలు వచ్చిన రోజు. కోవిల్‌పట్టి బస్టాండు దగ్గర ఒక బ్రౌజింగ్ సెంటర్‌లో కూర్చున్నాను. నాయన బయట నిలబడ్డాడు. నంబరు కొడితే పేజీ తెరుచుకోలేదు. మళ్లీ కొట్టాను, తెల్లగా ఉంది. రెండు గంటలు అట్లాగే గడిచాయి. అద్దం అవతలి నుంచి నాయన నా ముఖం చూసి, నేను తప్పాననే అనుకున్నాడు. లోపలికి వచ్చి "పోనీలేరా, వచ్చే ఏడు రాద్దాం" అన్నాడు. నేను పాసయ్యాను. కానీ ఆ రెండు గంటలు ఇప్పటికీ మరిచిపోలేదు. కంప్యూటర్ ఆగిపోతే ఆగేది కంప్యూటర్ ఒక్కటే కాదు.

ఇక అసలు సంగతి. తూత్తుకుడి రేవు దారిలో కంటైనర్ లారీలు మీరంతా చూసి ఉంటారు. లోపల అగ్గిపెట్టెలున్నా నూలున్నా పెట్టె కొలత ఒకటే. అందుకే ఏ క్రేన్ అయినా ఎత్తగలదు, ఏ ఓడైనా మోయగలదు. సాఫ్ట్‌వేర్‌ను కూడా ఇప్పుడు అట్లాగే పెట్టెల్లో కట్టి పంపుతున్నాం. వాటినీ కంటైనర్లనే అంటాం. వందల పెట్టెలున్నప్పుడు ఏది ఏ యంత్రం మీద ఉండాలి, ఒకటి ఆగితే దాని బదులు ఇంకొకటి ఎవరు లేపాలి అని చూసుకునే మేస్త్రీ ఒకడు కావాలి. ఆ మేస్త్రీ పేరే కుబర్నెటిస్. గ్రీకులో ఓడకు చుక్కాని పట్టేవాడని అర్థం. గూగుల్ కంపెనీ దీన్ని 2014లో బయటపెట్టి అందరికీ ఉచితంగా ఇచ్చింది. పని చేసే యంత్రాన్ని నోడ్ అంటారు, నోడ్లన్నీ కలిస్తే క్లస్టర్. కంటైనర్లు పాడ్ అనే చిన్న గూడులో ఉంటాయి. ఈ నాలుగు మాటలు గుర్తుంటే చాలు.

మేస్త్రీ ఉన్నాడు కదా, ఇక భయమెందుకు? మేస్త్రీ చెప్పినట్టు చేస్తాడో లేదో ముందే చూసుకోవాలి కాబట్టి. 2008లో అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ కంపెనీ డేటాబేసు చెడిపోయి, మూడు రోజులు వాళ్లు డీవీడీలు పంపలేకపోయారు. ఆ తర్వాత వాళ్లు అద్దె యంత్రాలకు, అంటే క్లౌడ్‌కు మారుతూ ఒక వింత ప్రోగ్రాము రాసుకున్నారు. అది నడుస్తున్న యంత్రాల్లో ఏదో ఒకదాన్ని తోచినట్టు ఆపేస్తుంది. తోటలో పడిన కోతిలాంటిదని దానికి కేయాస్ మంకీ అని పేరు పెట్టారు. 2012లో దాన్ని అందరికీ ఇచ్చేశారు. నాకు ఇందులో బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఆ కోతిని రాత్రిపూట వదలరు. పని రోజుల్లో, ఇంజనీర్లందరూ ఆఫీసులో ఉన్నప్పుడే వదులుతారు. ఎట్లాగూ చెడిపోయేదే అయితే, బాగుచేసేవాడు మెలకువగా ఉన్నప్పుడే చెడిపోనీ అని.

ఈ విద్యను కేయాస్ ఇంజనీరింగ్ అంటున్నారు. కుబర్నెటిస్ కోసం తయారైన పనిముట్లలో లిట్మస్ ఒకటి. ఇది మన దేశంలో పుట్టిన సరుకే. బెంగళూరులోని మాయాడేటా బృందం తమ స్టోరేజి సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించుకోవడానికి రాసుకున్నది. 2020లో క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్ దీన్ని తన నీడకు తీసుకుంది, 2022 జనవరిలో పై మెట్టు ఎక్కించింది. ఉచితం, కోడ్ అంతా తెరిచే ఉంది.

మా కంపెనీలో కాలేజీ ఫీజులు కట్టించుకునే సాఫ్ట్‌వేర్ ఉంది. గడువు చివరి రోజు సాయంత్రం తల్లిదండ్రులందరూ ఒకేసారి వస్తారు. ఆ రోజు అది ఆగితే మరుసటి రోజు నుంచి జరిమానా. దాన్ని గడువుకు ముందే పరీక్షించే పని నాకు అప్పగించారు. నేను చేసిన తప్పులు కూడా చెబుతాను, అవే మీకు ఎక్కువ పనికొస్తాయి.

లిట్మస్ బిగించడం నిజంగా చిన్న పని. క్లస్టర్‌లో దానికంటూ ఒక విడి గది, అంటే నేమ్‌స్పేస్ ఇవ్వాలి. హెల్మ్ అనే పనిముట్టుతో ఒక ఆదేశం ఇస్తే లిట్మస్ తన సరంజామా తానే దించుకుంటుంది. నాకు మొదటిసారి అక్కడే ఆగింది. లిట్మస్ తన లెక్కలు మాంగోడీబీ అనే డేటాబేసులో రాసుకుంటుంది, దానికి డిస్కులో చోటు కావాలి. చోటు ఎక్కడి నుంచి ఇవ్వాలో మా క్లస్టర్‌లో ఎవరూ చెప్పి ఉంచలేదు. పాడ్ "పెండింగ్" అంటూ కూర్చుంది. నేను సగం రోజు ఇంటర్నెట్‌లో వెతికాను. ఆ పాడ్‌నే వివరం అడిగి ఉంటే కింద ఒక్క వాక్యంలో కారణం రాసి ఉంది. తమ్ముళ్లూ, ఎర్రర్ వస్తే ముందు దాన్ని పూర్తిగా చదవండి, తర్వాత వెతకండి.

అది తీరాక తెర వచ్చింది. మొదటి పాస్‌వర్డ్ లోకమంతటికీ తెలిసినదే కాబట్టి వెంటనే మార్చాలి. తర్వాత అది ఒక ప్రశ్న అడుగుతుంది: నన్ను క్లస్టర్ మొత్తం మీద తిరగనిస్తావా, ఒక్క నేమ్‌స్పేస్‌లోనే ఉంచుతావా? నేను ఆలోచించకుండా మొత్తం అని నొక్కాను. ఇంటి తాళాలన్నీ ఒకే గుత్తిగా ఇచ్చినట్టు.

మొదటి ప్రయోగం పాడ్ డిలీట్. ఎంచుకున్న పాడ్లను చంపి, మేస్త్రీ కొత్తవి లేపుతాడా లేదా అని చూస్తుంది. పాడ్లను వాటి చీటీ పేరుతో ఎంచుకుంటాం. నేను జాబితాలో ఒక వరుస కింద నొక్కాను. అది వేరే బృందం నేమ్‌స్పేస్. చీటీ పేరు మాత్రం రెండు చోట్లా ఒకటే. ఐదు నిమిషాల పాటు, ఉన్న పాడ్లన్నీ అని పెట్టాను. ఆ సమయానికి పక్క గదిలో వాళ్లు కొనేవాళ్లకు తమ సాఫ్ట్‌వేర్ చూపిస్తున్నారు. దీన్ని మధ్యలో ఎలా ఆపాలో నేను వెతుక్కుంటూ ఉండగానే ఐదు నిమిషాలూ అయిపోయాయి.

ఉద్యోగం పోతుందనుకున్నాను. మా టీం పెద్దక్క తిట్టలేదు కానీ రెండు మాటలు అడిగింది. "ఆపే బటన్ ఎక్కడుందో చూడకుండా మొదలుపెట్టావా? ఎవరికైనా చెప్పావా?" రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. అంతా తీసేసి, మా ఒక్క నేమ్‌స్పేస్‌కే అనుమతి ఇచ్చి మళ్లీ బిగించాను. ఈసారి ప్రయోగానికి ముందు ఆపే దారిని రెండుసార్లు అభ్యాసం చేశాను. ఫీజు పేజీ బాగానే తెరుచుకుంటోందా అని నిమిషం నిమిషం చూసే కాపలా కూడా పెట్టాను. దాన్ని ప్రోబ్ అంటారు. అది లేకుండా పాడ్‌ను చంపడం వట్టి విధ్వంసం.

మాకు మూడు పాడ్లున్నాయి. ఒకటి చంపాం. మిగిలిన రెండూ పని మోశాయి, మూడోది తిరిగి లేచింది, పేజీ ఒక్కసారి కూడా ఆగలేదు. లిట్మస్ నూటికి నూరు మార్కులు వేసింది. నేను ఆ తెరను ఫొటో తీసుకున్నాను కూడా.

పెద్దక్క ఫొటో చూసి, "ఆ మూడూ ఏ నోడ్ల మీద ఉన్నాయి?" అంది. చూస్తే మూడూ ఒకే నోడ్ మీద ఉన్నాయి. అంతకు ముందు వారం రెండు నోడ్లను మరమ్మతుకు దించినప్పుడు పాడ్లన్నీ మిగిలిన నోడ్‌కు వచ్చి చేరాయి. ఆ నోడ్లు తిరిగి వచ్చాయి గానీ పాడ్లు వెనక్కి పోలేదు. కుబర్నెటిస్ కొత్త పాడ్‌కు చోటు వెతుకుతుంది, నడుస్తున్న పాడ్‌ను సర్దుబాటు కోసం తనంతట తాను జరపదు. ఇది పుస్తకంలో నేనూ చదివాను, కానీ చదివినట్టు ఆ రోజు వరకు తెలియలేదు.

ఇది మన ప్రాంతం వాళ్లకు నేను విడమరిచి చెప్పనక్కరలేదు. శివకాశి చుట్టుపక్కల బాణసంచా పనిచేసే షెడ్లను ఒకదానికొకటి దూరంగా ఎందుకు కడతారో ఇక్కడ కూర్చున్న ప్రతి కుటుంబానికీ తెలుసు. ఆ దూరం పాటించని చోట ఏం జరిగిందో కూడా కొందరికి తెలుసు. సరుకును మూడు భాగాలు చేసి మూడూ ఒకే షెడ్డులో పెడితే, లెక్కలో మూడు, నిప్పుకు ఒకటే.

నోడ్‌నే ఖాళీ చేసే ప్రయోగం లిట్మస్‌లో ఉంది, నోడ్ డ్రెయిన్ అంటారు. కానీ దానికి క్లస్టర్ మొత్తం అనుమతి కావాలి. అంటే నా చేయి కాల్చిన తాళాల గుత్తే మళ్లీ కావాలి. ఈసారి రాతపూర్వకంగా అడిగాం. అసలు క్లస్టర్ కాదు, అదే పోలికతో కట్టిన పరీక్ష క్లస్టర్ ఎంచుకున్నాం. అన్ని బృందాలకూ ముందు రోజే చెప్పి, ఉదయం పదకొండింటికి మొదలుపెట్టాం. మూడు పాడ్లూ ఒకేసారి పడ్డాయి. కొత్తవి వేరే నోడ్ల మీద లేచి పనికి సిద్ధం కావడానికి రెండు నిమిషాలకు పైగా పట్టింది. ఆ రెండు నిమిషాలూ పేజీ తెల్లగా ఉంది. నాకు కోవిల్‌పట్టి బ్రౌజింగ్ సెంటర్ కళ్లముందు కనబడింది.

బాగుచేయడానికి కొద్ది వరుసలే పట్టాయి. పాడ్లను వేర్వేరు నోడ్ల మీద పరచమని మేస్త్రీకి నియమం రాశాం. ఖాళీ చేసేటప్పుడు కనీసం రెండు పాడ్లు బతికి ఉండాలని ఇంకో నియమం పెట్టాం. మళ్లీ డ్రెయిన్ చేస్తే పేజీ నిలిచింది. గడువు రోజు ఏ గొడవా జరగలేదు, కాబట్టి మమ్మల్ని ఎవరూ మెచ్చుకోనూ లేదు. ఈ పనిలో అంతే.

తల్లిదండ్రులు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు: దీనికి ఎంత ఖర్చవుతుంది? సాఫ్ట్‌వేర్‌కు ఏమీ కాదు. నెమ్మదైన ల్యాప్‌టాప్ అయినా, అందులో కైండ్ అనే ఉచిత పనిముట్టుతో మూడు నోడ్ల బొమ్మ క్లస్టర్ కట్టుకోవచ్చు. లిట్మస్ బరువు అనిపిస్తే మొదట చేత్తోనే ఒక పాడ్ తీసేసి, ఒక నోడ్ ఖాళీ చేసి ఏమవుతుందో రాసుకోండి. కాలేజీ ల్యాబ్ సర్వర్ మీద మాత్రం సార్‌ను అడగకుండా వద్దు. నా కథ విన్నారు కదా. కోడ్ రాయడం కొంత వచ్చిన వాళ్లకు లైనక్స్ ఫౌండేషన్ నడిపే మెంటార్‌షిప్ ఉంది. ఎంపికైతే ఇంటి నుంచే పని నేర్చుకోవచ్చు, భత్యం ఇస్తారు. లిట్మస్ ప్రాజెక్టు కూడా అందులో పాల్గొంటూ వచ్చింది. ఇంగ్లీషు బాగా రాదని ఆగకండి. అక్కడ అడిగేది ఏం చేశావు, ఏం జరిగింది అనే రెండే.

ల్యాప్‌టాప్ తెచ్చాను. సభ ముగిశాక భోజనాల హాలు పక్క గదిలో ఉంటాను. ఎవరైనా వచ్చి నా క్లస్టర్‌ను పడగొట్టి చూడవచ్చు. ఆపే బటన్ ఎక్కడుందో ముందు చూపిస్తాను.